తుపాను వదిలింది, తాళం తినేసింది

విశాఖ తీరంలో కారుకు అసలు శత్రువు వాన కాదు. గాలాడని గదిలో నెలల తరబడి కదలక కూర్చునే ఉప్పుచెమ్మ. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లొచ్చే పెద్దల ఇళ్లలో అది నిశ్శబ్దంగా తన పని తాను చేసుకుపోతోంది.

నవంబరు మొదటి వారం, ఉదయం ఏడు గంటలు. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉన్న ఓ డాబా ఇంటి ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఇంటాయన ఆర్థికశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరర్. పక్కన ఆయన భార్య. వాళ్ల ముందు రోలింగ్ షట్టర్‌తో కుస్తీ పడుతున్నది మెకానిక్. న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఆరు నెలలు గడిపి దంపతులిద్దరూ ముందురోజు రాత్రే ఇల్లు చేరారు. మే చివర్లో కిందికి లాగి తాళం వేసిన షట్టర్ ఇప్పుడు పైకి లేవనంటోంది. కారణం: రెండు పక్కలా గాడి తుప్పుతో బిగుసుకుపోయింది.

డీజిల్ పోసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేశాక అది కీచుమంటూ లేచింది. లోపలినుంచి తడిసిన గోనెసంచి వాసన గుప్పుమంది. ప్లాస్టిక్ కవరు ఎత్తిచూస్తే లోపలివైపు ముత్యాల్లా నీటిబొట్లు. 2004లో పీఎఫ్ డబ్బుతో కొన్న తెల్లటి మారుతి 800 అది. తలుపుల అడుగు అంచుల్లో రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. వేలితో నొక్కితే పొక్కు పగిలి ఎర్రటి పొడి రాలుతోంది. స్టీరింగ్ చక్రం మీద, సీట్ల మీద తెల్లటి బూజు. హ్యాండ్ బ్రేక్ కిందికి దించినా వెనక చక్రాలు కదల్లేదు. ఆరు నెలలపాటు డ్రమ్‌కు అతుక్కున్న లైనర్లు అక్కడే స్థిరపడిపోయాయి.

మెకానిక్ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏటి మాస్టారూ, దీన్ని కారులాగ దాసినారా, ఆవకాయలాగ దాసినారా? ఉప్పేసి, మూత పెట్టి, వాసెన కూడా కట్టేసినారు" అన్నాడు. మాస్టారు నవ్వలేదు. ఎండ తగలకుండా, వాన తగలకుండా, ఎవరి చెయ్యీ పడకుండా దాచానని ఆయన నమ్మకం. ఆ నమ్మకమే కారు కొంప ముంచిందని గ్రహించడానికి ఆయనకు మరికొన్ని రోజులు పట్టింది.

ఇనుము చేసే ఊరు, ఇనుమును తినే గాలి

తుప్పు గురించి తెలుసుకోవడానికి విశాఖను మించిన పాఠశాల దేశంలో అరుదు. ఈ ఊరి చరిత్రంతా ఇనుముతో రాసిందే. 1933లో రేవు మొదలైంది. 1941లో శంకుస్థాపన జరిగిన నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948లో 'జల ఉష' నీటిలోకి జారింది. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అన్న నినాదంతో సాధించుకున్న కర్మాగారాన్ని 1992లో అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఒకవైపు సముద్రం ఒడ్డున ఉక్కు తయారవుతుంటే, మరోవైపు అదే సముద్రం నుంచి వీచే గాలి ఆ ఉక్కును మళ్లీ మట్టిగా మార్చే పనిలో ఉంటుంది.

ఆ పని ఎలా సాగుతుందో చూడాలంటే ఆర్.కె. బీచ్‌కు వెళ్లాలి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల నుంచి తప్పుకొన్న జలాంతర్గామి ఐఎన్‌ఎస్ కుర్సురా 2002 నుంచి అక్కడ మ్యూజియంగా ఉంది. సముద్రం లోపల మూడు దశాబ్దాలు తిరిగిన ఆ 91 మీటర్ల ఉక్కు శరీరం ఇప్పుడు కాంక్రీటు దిమ్మెల మీద, అలలకు కూతవేటు దూరంలో ఉంది. నీళ్లలో లేదు కాబట్టి దానికి ప్రమాదం తప్పిందని సందర్శకులు అనుకుంటారు. నిజానికి నిత్యం మునిగి ఉండే ఉక్కు కంటే, ఉప్పునీటి తుంపర పడి ఆరి మళ్లీ తడిసే ఉక్కుకే తుప్పు వేగంగా పడుతుంది. పలచటి నీటి పొర, పైనుంచి కావలసినంత ఆక్సిజన్. తుప్పుకు ఇంతకంటే మంచి భోజనం ఉండదు.

తీరం పొడవునా ఇదే కథ. రామేశ్వరాన్ని ప్రధాన భూభాగంతో కలిపిన పాత పాంబన్ రైలు వంతెన 1914లో మొదలై, ఏటా రంగు పూతలతో, మరమ్మతులతో శతాబ్దం దాటి నిలిచింది. చివరికి 2022 డిసెంబరులో దానిమీద రైళ్లు ఆపేశారు. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. దానికి విరుద్ధంగా, ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా ఎండలోనూ వానలోనూ నిలబడి ఉంది. ఆ ఇనుములోని ఫాస్ఫరస్ వల్ల ఉపరితలం మీద రక్షణ పొర ఏర్పడిందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఢిల్లీ పొడి వాతావరణం కూడా దానికి కలిసొచ్చింది. కారు రేకుకు ఆ రెండు అదృష్టాలూ లేవు. అది మిల్లీమీటరు కంటే పలచన. పైగా విశాఖలో ఉంది.

వంటింటి ఉప్పుడబ్బా చెప్పే రహస్యం

ఇనుముకు తుప్పు పట్టడానికి కావలసినవి రెండే: నీరు, ఆక్సిజన్. అయితే నీరంటే వానే కానక్కర్లేదు. గాలిలో తేమ 60 శాతం లోపు ఉన్నంతకాలం శుభ్రమైన ఉక్కుకు పెద్ద భయం లేదు. అది దాటి పెరిగేకొద్దీ లోహం మీద కంటికి కనిపించని నీటి పొర పేరుకుంటుంది. 80 శాతం దాటితే తుప్పు పరుగెడుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ 70 శాతం పైనే.

దీనికి ఉప్పు తోడైతే లెక్క మరింత మారుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పుడబ్బా నీరుగారుతుందని, గుప్పెడు బియ్యపు గింజలు వేస్తే కాస్త నయమని తీరంలోని ఇల్లాళ్లందరికీ తెలుసు. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతానికి చేరగానే ఆ తేమను లాక్కుని తనంతట తాను కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు అంత కూడా అక్కర్లేదు. 33 శాతం చాలు. అంటే బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చిన కారు అడుగున ఒకసారి ఉప్పు పట్టిందంటే, చుక్క వాన పడకపోయినా ఆ భాగం దాదాపు ఏడాదంతా తడిగానే ఉంటుంది. ఆ ఉప్పునీటిలో తుప్పు మామూలు నీటిలో కంటే వేగంగా సాగుతుంది.

మూడోది రాత్రికీ పగటికీ మధ్య తేడా. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీల లోహాన్ని తాకితే చాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు నీరు పడుతుంది. రాత్రి చల్లబడిన ఇంజన్, బ్రేక్ డ్రమ్ములు, చాసిస్ వంటి బరువైన భాగాలు ఉదయం పదింటికి కూడా చల్లగానే ఉంటాయి. ఈలోగా బయటి గాలి వేడెక్కి, తేమను మోసుకుని షట్టర్ సందుల్లోంచి లోపలికి వస్తుంది. అలా రోజూ ఉదయం కారుకు కనిపించని స్నానం. గాలాడితే ఆ తడి గంటలో ఆరిపోతుంది. గాలాడకపోతే సాయంత్రం దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా అక్కడే ఉంటుంది.

భయం కట్టిన గది

మాస్టారి ఇంటికి మొదట గ్యారేజీ లేదు. ముందు వరండాలోని పోర్టికోలోనే కారు ఉండేది. మూడువైపులా గాలి, పైన స్లాబు. పదేళ్లపాటు అక్కడే ఉన్నా దాని ఒంటిమీద చెప్పుకోదగ్గ తుప్పు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఊళ్లో చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. పక్కింటి బాదం చెట్టు కొమ్మ విరిగి వెనక అద్దాన్ని బద్దలు కొట్టింది. బానెట్ మీద సొట్ట పడింది. అంతకుమించి కారుకేమీ కాలేదు. అద్దం మార్చి, టింకరింగ్ చేయించి, రంగు వేయిస్తే పదిరోజుల్లో రోడ్డెక్కింది.

కానీ ఆ రాత్రి భయం మాస్టారిని వదల్లేదు. మరుసటి ఏడాది పోర్టికో చుట్టూ గోడలు లేపారు. ముందువైపు రోలింగ్ షట్టర్ బిగించారు. ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. కిటికీ పెడితే జల్లు కొడుతుందని ఆయన వాదన. "దొంగ రాడు, వాన రాదు, ఇంకేం కావాలి అనేవారండీ" అని గుర్తుచేసుకుంటారు ఆయన భార్య. కింద సిమెంటు గచ్చు. దానికింద తేమను ఆపే ప్లాస్టిక్ షీటు వేయించాలన్న ఆలోచన మేస్త్రీకీ రాలేదు, ఆయనకూ రాలేదు. ఫలితంగా నేలలోని చెమ్మ దీపంలో వత్తి నూనెను పీల్చుకున్నట్టు గచ్చులోంచి పైకి ఎగబాకింది.

కారు రోజూ బయటికి వెళ్లినంతకాలం ఈ లోపం బయటపడలేదు. షట్టర్ రోజుకు నాలుగుసార్లు లేచేది. ఇంజన్ వేడికి చెమ్మ ఆరిపోయేది. 2024 మేలో ప్రయాణం పెట్టుకున్నాకే అన్నీ ఒకేసారి తోడయ్యాయి. బయలుదేరే ముందురోజు దంపతులు భీమిలి దాకా షికారుకు వెళ్లొచ్చారు. దుమ్ముపట్టిన కారును వదిలి వెళ్లడం ఇష్టంలేక సాయంత్రం బకెట్లకొద్దీ నీళ్లు పోసి కడిగారు. పైన మెరిసింది. అడుగున ఉప్పు అలాగే ఉంది. తలుపుల్లోకి దిగిన నీరు ఆరలేదు. ఆ తడిమీదే ప్లాస్టిక్ కవరు కప్పి, హ్యాండ్ బ్రేక్ బలంగా లాగి, షట్టర్ దించి తాళం వేశారు. ఆ తర్వాత జూన్ నుంచి అక్టోబరు దాకా నైరుతి వానలు, వాటి వెనకే అల్పపీడనాలు.

జాగ్రత్త అనుకుని చేసిన పని ఇంకొకటుంది. వారానికోసారి ఇంజన్ స్టార్ట్ చేయమని పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు తాళాలు ఇచ్చి వెళ్లారు. అతను నమ్మకంగా రెండు నెలలు ఐదేసి నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపేశాడు. మూడో నెలలో బ్యాటరీ దిగిపోయింది. సాయం చేయబోయి అతను చేసింది నష్టమే. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. కారు అరగంట పరుగెడితే సైలెన్సర్ వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. ఐదు నిమిషాలకే ఆపేస్తే గొట్టంలోనే నీరై నిలుస్తుంది. మాస్టారి కారు సైలెన్సర్ లోపలినుంచి చిల్లులు పడింది. షట్టర్ దించిన గదిలో ఇంజన్ తిప్పితే పుట్టే విషవాయువు మనిషి ప్రాణానికే ముప్పు. ఆ వాచ్‌మన్ షట్టర్ ఎత్తి ఉంచడం అదృష్టం.

ఓడ నేర్పిన లెక్క

అదే వీధిలో రెండిళ్ల అవతల మరో పాత కారుంది. దానికి గ్యారేజీ లేదు. నాలుగు ఇనుప గొట్టాల మీద రేకు కప్పు, ఒకవైపు ప్రహరీ, మిగతా అంతా ఖాళీ. దాని యజమాని నౌకాదళంలో ఇంజన్ రూమ్ పనిలో పాతికేళ్లు గడిపి రిటైరయ్యారు. ఆయన కూడా ఏటా మూడు నెలలు బెంగళూరులో కూతురి దగ్గర ఉంటారు. అయినా ఆ కారు తిన్నగా స్టార్ట్ అవుతుంది. తలుపుల అంచులు నున్నగా ఉన్నాయి.

"మాస్టారు గారూ, సరుకు ఓడ లోపల కూడా ఇలాగే చెమట పడుతుందండీ" అని ఆయన వివరించారు. ఓడ అర కింద గాలి ఎప్పుడు ఆడనివ్వాలి, ఎప్పుడు మూసేయాలి అన్నదానికి నావికులకు ఓ పాత సూత్రముంది. ఏ గాలి ఎంత చల్లబడితే నీరు విడుస్తుందో చూస్తారు. దాన్నే మంచుబిందు ఉష్ణోగ్రత అంటారు. బయటి గాలిది లోపలి గాలి కంటే తక్కువైతే, అంటే బయట పొడిగా ఉంటే, తలుపులు తెరుస్తారు. ఎక్కువైతే మూసి ఉంచుతారు. విశాఖ గ్యారేజీకీ ఇదే వర్తిస్తుంది. భోరున కురిసే వానలో తలుపు తెరిచి ఉంచడం తెలివి కాదు. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం తెరవకపోవడం అంతకంటే తెలివితక్కువ. మరి మనిషి ఇంట్లో లేనప్పుడు తెరిచేదెవరు, మూసేదెవరు? అందుకే తీరంలో తాళం వేసిన గది కంటే నాలుగు పక్కలా గాలాడే రేకుల షెడ్డే మేలని ఆయన తీర్మానం. "షెడ్డులో కారు తడుస్తుందండీ. కానీ ఆరుతుంది. మీ గదిలో తడవదు కానీ ఆరదు" అంటారాయన.

గట్టి గ్యారేజీ మంచిదన్న నమ్మకం పూర్తిగా తప్పేం కాదు. అది ఊరిని బట్టి ఉంటుంది. ఉదయ్‌పూర్‌లో మేవార్ రాజవంశం వారి పాత మోటార్ గ్యారేజీని 2000లో కార్ల మ్యూజియంగా తెరిచారు. దశాబ్దాల నాటి రోల్స్ రాయిస్‌లు, కాడిలాక్‌లు అక్కడ మెరుస్తూ కనిపిస్తాయి. రాజస్థాన్ పొడిగాలి, నిత్యం తుడిచే మనుషులు దానికి అండ. సముద్రం పక్కన అదే గది కడితే అదే ఫలితం రాదు. అమెరికాలోనూ ఇది తెలిసిన విషయమే. "ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు నాన్నా. అందుకే కారు అడుగుభాగం కడిగించకుండా గ్యారేజీలో పెట్టం" అని మాస్టారి కొడుకు ఫోన్‌లో చెప్పాడు. ఆరు నెలలు అదే ఇంట్లో ఉన్నా ఆ సంగతి మాటల్లో రానేలేదు.

అమ్మడమా, ఉంచుకోవడమా?

కొడుకు ఇంకో మాట కూడా అన్నాడు: "ఇంక దాన్ని అమ్మేయండి నాన్నా. ఫోన్‌లో నొక్కితే క్యాబ్ వస్తుంది కదా." వినడానికి సబబైన సలహానే. ఇరవయ్యేళ్లు దాటిన కారు. 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, ఫిట్‌నెస్ పరీక్ష తప్పవు. అడుగు రేకు చిల్లులు పడితే ఆ పరీక్ష గట్టెక్కడం కష్టం. మారుతి సంస్థ ఈ మోడల్ తయారీని 2014లోనే ఆపేసింది.

కానీ ఆ ఇంట్లో కారంటే రవాణా సాధనం మాత్రమే కాదు. రెండేళ్ల కిందట అర్ధరాత్రి ఆమెకు గుండెలో నొప్పి వచ్చింది. జోరు వానలో ఒక్క క్యాబ్ కూడా రాలేదు. మాస్టారే డ్రైవ్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్లారు. "అది అమ్మేస్తే ఇక్కడ ఉండలేమని మేమే ఒప్పుకున్నట్టు కాదా?" అని ఆమె అడుగుతారు. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. ఇలాంటి కాలనీల్లో పిల్లలు విదేశాల్లో, తల్లిదండ్రులు సగం ఇక్కడ, సగం అక్కడ. సందర్శకుల వీసా మీద వెళ్లేవారికి అమెరికాలో ఒక్కో విడత సాధారణంగా ఆరు నెలల గడువు దొరుకుతుంది. ఆ ఆరు నెలలూ ఇక్కడి ఇంటికి తాళం. ఇంట్లో కారుకు మరో తాళం. తిరిగొచ్చాక స్టార్ట్ అయ్యే కారు వాళ్లకు ఇంకా ఈ ఊరివాళ్లమేనన్న ధీమా.

చివరికి కారును లారీ మీద గాజువాక ఆటోనగర్‌కు తరలించారు. అక్కడి టింకరింగ్ షెడ్డులో ఫుట్‌మ్యాట్లు ఎత్తి చూస్తే డ్రైవర్ కాళ్ల కింద రేకులోంచి నేల కనిపించింది. తలుపుల అడుగున నీరు పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో, బాదం ఆకుల పొడితో పూడుకుపోయి ఉన్నాయి. లోపలికి దిగిన నీరు బయటికి దారి లేక ఆరు నెలలు అక్కడే నిలిచింది. కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేశారు. ఉప్పుకాగితంతో మెరుగుపెట్టి రెడాక్సైడ్ పూశారు. అడుగంతా నల్లటి అండర్ కోటింగ్ వేయబోతూ, "సింహాద్రి అప్పన్నకి సందనం పూసినట్టు పూసేద్దాం మాస్టారూ, ఏడాది దాకా సూసుకోనక్కర్లేదు" అన్నాడు మెకానిక్. ఈసారి మాస్టారు నవ్వారు. తుప్పు పూర్తిగా గీకకుండా పైన పూత పూస్తే అది లోపలే పెరుగుతుందని ఆ మెకానిక్‌కు తెలుసు. అందుకే గీకడానికే రెండు రోజులు తీసుకున్నాడు.

గోడకు గాలి, తాళానికి మనిషి

కారు వచ్చేలోగా గ్యారేజీ రూపం మారింది. రోలింగ్ షట్టర్ తీసేసి ఇనుప గ్రిల్ గేటు పెట్టించారు. ఎదురెదురు గోడల్లో జానెడు ఎత్తున కింద రెండు, కప్పు దగ్గర రెండు సిమెంటు జాలీలు. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంటే చల్లటి గాలి కిందినుంచి వస్తుంది. జల్లు కొట్టకుండా వాటిపైన వాలు రేకులు. గచ్చు పరీక్షకు పొరుగాయన చెప్పిన చిట్కా తేలికైనది. రెండడుగుల పాలిథిన్ ముక్కను నేలమీద పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటించి ఒక రాత్రి వదిలేయాలి. మర్నాడు దాని అడుగున తడి కనిపిస్తే చెమ్మ నేలలోంచే వస్తున్నట్టు. మాస్టారి గచ్చు ఆ పరీక్షలో ఘోరంగా తప్పింది. దాన్ని తవ్వించి, కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిపించి మళ్లీ వేయించారు.

ప్రయాణానికి ముందు చేయాల్సిన పనులకూ ఇప్పుడో పద్ధతి ఏర్పడింది. బయలుదేరడానికి మూడు రోజుల ముందే కారును మంచినీటితో, ముఖ్యంగా అడుగుభాగాన్ని, చక్రాల పైకప్పులను కడగాలి. తలుపుల అడుగు రంధ్రాలు అగ్గిపుల్లతో శుభ్రం చేయాలి. తర్వాత అరగంట నడిపి, ఎండలో తలుపులు బార్లా తెరిచి ఆరబెట్టాలి. ఒంటికి వ్యాక్స్, తలుపు కీళ్లకు గ్రీజు. హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టాలి. ఇనుప ట్యాంకులో ఖాళీ ఉంటే దాని గోడలకు తేమ పడుతుంది కాబట్టి ట్యాంకు నింపాలి. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి నిల్వ ఉంచకుండా మధ్యలో కొంత వాడి కొత్తది పోయాలి. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీల్చేదే. రెండేళ్లకోసారి మార్చాలి. ఫుట్‌మ్యాట్లు తీసి ఇంట్లో పెట్టాలి. కప్పాలంటే ప్లాస్టిక్ వద్దు, గాలి దూరే నూలుబట్ట కప్పాలి. సీట్ల కింద సిలికాజెల్ సంచులు పెట్టొచ్చు. నీలం గుళికలు గులాబీ రంగుకు మారితే అవి నిండినట్టు. అయితే కారు అద్దాలు మూసి ఉన్నప్పుడే వాటి ప్రయోజనం. గాలాడే గ్యారేజీ మొత్తానికి అవి చాలవు.

ఇన్ని చేసినా ఒక లోటు మిగులుతుంది. కదలని కారును ఏ పూతా కలకాలం కాపాడలేదు. ఆర్.కె. బీచ్‌లోని జలాంతర్గామికైనా, పాత పాంబన్ వంతెనకైనా ఆయుష్షు పోసింది పూత కంటే మళ్లీ మళ్లీ ఆ పూత పూసిన మనుషులే. ఒంటరిగా ఉండే పెద్దల ఇళ్లలో దొరకనిది సరిగ్గా ఆ మనిషే.

మాస్టారి వీధిలో దానికి ఓ ఏర్పాటు కుదిరింది. 2025 జూన్‌లో మనవరాలి బారసాలకు దంపతులు మళ్లీ న్యూజెర్సీ వెళ్లినప్పుడు కారు తాళాలు రెండిళ్ల అవతలికి చేరాయి. పదిహేను రోజులకోసారి, వాన లేని ఉదయం పూట నేవీ ఆయన కారు బయటికి తీసేవారు. దగ్గరే కదా అని బీచ్ రోడ్డు మీదికి పోయేవారు కాదు. హనుమంతవాక దాటి అడవివరం మీదుగా సింహాచలం కొండ కింది దాకా వెళ్లి, ఇంజన్ బాగా వేడెక్కాక తిరిగొచ్చేవారు. బదులుగా ఆయన బెంగళూరు వెళ్లే మూడు నెలలూ ఆయన కారు బాధ్యత మాస్టారిది.

ఆ ఏడాది డిసెంబరు మొదట్లో దంపతులు తిరిగొచ్చారు. పెట్టెలు లోపల పెట్టకముందే మాస్టారు గ్రిల్ గేటు తీసి, నూలుబట్ట ఎత్తి, తలుపుల అడుగు అంచులను వేలితో తడిమి చూశారు. తర్వాత తాళం తిప్పారు. రెండోసారికి ఇంజన్ అందుకుంది. "ఏమండీ, ముందు కాళ్లు కడుక్కోండి" అని లోపలినుంచి భార్య కేకేశారు. ఆయన వినిపించుకోలేదు. కారు అప్పటికే గేటు దాటి వీధిలోకి వచ్చింది.